గుర్రం కాలు, మనిషి కాగితం

దుబాయ్ నుంచి,
ఆదివారం పగటిపూట



బాపూ, నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే: "గుర్రం ఏమన్న తన్నిందా?" లోకంలో తండ్రులందరూ "తిన్నావా" అని అడుగుతారు, నువ్వొక్కడివే "తన్నిందా" అని అడుగుతావు. లేదంటే నమ్మవు. దాస్తున్నానంటావు. ఒట్టేస్తే, ఇయ్యాల తన్నకపోతే రేపు తన్నదని ఏం గ్యారంటీ అంటావు. నేను జవాబు మొదలుపెట్టేలోపు అమ్మ ఫోన్ గుంజుకుని బువ్వ సంగతి ఎత్తుతుంది, అవ్వ అందుకుని నా పెండ్లి సంగతి ఎత్తుతుంది, చిన్నోడు అందుకుని కొత్త ఫోన్ సంగతి ఎత్తుతాడు. ఇంతలో సిగ్నల్ పోతుంది, గుర్రం కాలు గాలిలోనే ఆగిపోతుంది. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. కాగితాన్ని ఎంతమంది గుంజుకున్నా మాట తెగదు. దసరాకు ఊరికి వచ్చే మనిషి చేతికి ఇచ్చి పంపుతున్నాను. చిన్నోడితో చదివించుకో. వాడు పెద్ద పేరాలు ఎగరగొట్టే రకం, కాబట్టి రెండుసార్లు చదివించుకో.

ముందే తేల్చి చెప్తాను: నీ భయం తప్పు కాదు గానీ అది నిలబడ్డ జాగా తప్పు. గుర్రాల కొలువులో మనిషి బతుకు బాగుపడ్డా పాడైనా, అది గుర్రం కాలి వల్ల జరిగేది తక్కువ, మనిషి జేబులోని కాగితం వల్ల జరిగేది ఎక్కువ. నువ్వు కాలి దిక్కే చూస్తున్నావు. ఆ కాలు ఎందుకు లేస్తుందో మొదట చెప్పుకుందాం. గుర్రం కండ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. పక్కలన్నీ కనపడతాయి గానీ సరిగ్గా తోక వెనక, సరిగ్గా నుదుటి ముందు కొంత జాగా దానికి చీకటే. కొమ్ముల్లేవు, గోళ్లు లేవు. పులులకూ తోడేళ్లకూ భయపడుతూ బతికిన జాతి. దానికి తెలిసిన ఉపాయాలు రెండే: ఉరకాలి, ఉరికే దారి లేకుంటే తన్నాలి. అంటే తన్ను దాని కోపంలోంచి పుట్టేది కాదు, భయంలోంచి పుట్టేది. అందుకే ఈ పనిలో మొదటి పాఠం గుర్రాన్ని భయపెట్టకుండా ఉండటం. గొంతు వినిపిస్తూ పోవాలి. భుజం పక్క నుంచి దగ్గరికి చేరాలి. వెనక నుంచి దాటాల్సి వస్తే, చెయ్యి దాని పిర్ర మీద ఆనించి ఒంటికి ఒరుసుకునే దాటాలి, లేదా కాలు అందనంత ఎడంగా తిరిగి పోవాలి. ఆనుకుని ఉంటే కాలు విసరడానికి జాగా దొరకదు, దూరంగా ఉంటే అందదు. అటూ ఇటూ కాని మధ్యదూరమే చేటు, చుట్టరికాల్లో లాగానే. తాడు చేతికి చుట్టుకోవద్దు. కాలికి పట్టీ కట్టేటప్పుడు మోకాళ్ల మీద కూర్చోవద్దు, లేచి ఉరకడానికి వీలుగా గొంతుక్కూర్చోవాలి. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవి. అట్లాగని దెబ్బలే తగలవని చెప్పను. దాని బరువు దగ్గర దగ్గర 500 కిలోలు, కాలి మీద కాలు వేస్తే వేళ్లు నలుగుతాయి. ఈ పనిలో దెబ్బే తగలదని ఎవరైనా చెప్తే వాడు ఏజెంటు అని గుర్తు. కానీ రాత్రి కరెంటు రోజుల్లో టార్చిలైటు పట్టుకుని, పాములు తిరిగే గట్టు మీద నడిచి, తడి చేత్తో మోటరు స్టార్టరు నొక్కిన మనుషులు గుర్రాన్ని చూసి జడవడం మాత్రం నాకు అర్థం కాదు.

ఒంటెల సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. చిన్నపిల్లల్ని ఒంటెల మీద కట్టి ఉరికిస్తారని అవ్వ విన్న మాట ఒకప్పుడు నిజమే, అది ఈ దేశాల మచ్చ. 2005లో ఇక్కడ దాన్ని నిషేధించారు, ఇప్పుడు ఒంటెల వీపు మీద చిన్న మరబొమ్మలు కూర్చుంటున్నాయి. నా ఒడ్డూ పొడుగూ చూసి ఆ బొమ్మ ఉద్యోగం నాకు ఎవరూ ఇవ్వరు, అవ్వను నిశ్చింతగా నిద్రపొమ్మను. జూదం సంగతికి ఇంకో నాలుగు ముక్కలు కావాలి. గుర్రప్పందాల దగ్గర ఉంటే పందేలు అంటుకుంటాయని నీ అనుమానం. ఇక్కడి మైదానంలో పందెం కాసే కౌంటరే ఉండదు బాపూ. చూడవచ్చినవాళ్లు గెలిచే గుర్రాల పేర్లు పైసా కట్టకుండా ఊహించి రాస్తారు, సరిపోతే బహుమతి, లేకుంటే ఇల్లు. గుర్రాల యజమానులు ఉరికేది మాత్రం పెద్ద సొమ్ముకే. 1996లో మొదలైన దుబాయ్ వరల్డ్ కప్ 2000 మీటర్ల పరుగు, రెండు నిమిషాల్లో తేలిపోతుంది, బహుమతి మొత్తం 1 కోటి 20 లక్షల డాలర్లు. మన రూపాయల్లో వంద కోట్ల పైమాటే. మరి పందేలు ఎక్కడ కాస్తారంటావా? ఆరో నిజాం 1886లో మౌలాలి నుంచి మార్పించిన మన మలక్‌పేట రేసుకోర్సులో. గుర్రప్పందెం అదృష్టపు ఆట కాదు, తెలివితో ఆడేదని మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పిందీ అదే 1996లో. కాబట్టి కొడుకు జూదగాడు కావద్దనుకునే తండ్రి వాణ్ని దుబాయ్‌కి పంపి, హైదరాబాద్ బస్సు ఎక్కకుండా చూసుకోవాలి.

ఇక అంగట్లో ఎవరన్నా "మీవాడు ఏం చేస్తున్నడు" అంటే ఏం చెప్పాలన్నావు. లద్దె ఎత్తుతున్నాడని చెప్పలేక "కంపెనీల ఉన్నడు" అని సర్దుతున్నావని చిన్నోడు చెప్పాడు. వానలు మొండికేస్తే విరాటపర్వం చదివించే ఊళ్లవాళ్లం మనం. అందులో నకులుడు ఏం చేశాడో గుర్తు తెచ్చుకో. దామగ్రంథి అన్న పేరు పెట్టుకుని విరాటరాజు గుర్రాలను చూసుకున్నాడు. పాండురాజు కొడుక్కి లేని నామోషీ బాన్సువాడ రైతు కొడుక్కి ఎందుకు? నిజానికి గల్ఫ్ క్యాంపు అంటేనే విరాటుడి కొలువు. ఐటీఐ చదివినవాడు వలలుడై మెస్సులో గరిటె తిప్పుతుంటాడు, డిగ్రీ చదివినవాడు కంకుభట్టై ఎవరివో లెక్కలు రాస్తుంటాడు. ఎవరి అసలు పేరు, అసలు చదువు వాళ్ల జమ్మిచెట్టు మీద కట్టి ఉంటాయి. తేడా ఒక్కటే, వాళ్ల అజ్ఞాతవాసం ఒక్క ఏడాదితో తీరింది. మా కాంట్రాక్టు రెండేండ్లు, రెన్యూవల్ అదనం. పెండ్లి బరాత్‌లో గుర్రమెక్కినవాడు గంటసేపు రాజు. ఆ గంటా గుర్రం బెదరకుండా కళ్లెం పట్టి నడిచేవాడి పేరు శుభలేఖలో ఉండదు. ఉండకపోయినా అందరి పానం అతని చేతిలోనే ఉంటుంది. ఎవరన్నా అడిగితే ఈ ముక్క చెప్పు.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడి గుర్రానికి పాస్‌పోర్టు ఉంటుంది. నవ్వకు చిన్నోడా, మెల్లగా చదువు. మొదటి పేజీలో పేరు. రేసు గుర్రం పేరు, మధ్య ఖాళీలతో కలిపి 18 అక్షరాలు దాటకూడదు. ఒక్క పేరున్నా చాలు, ఇంటిపేరు అక్కర్లేదు. మనిషికి అట్లా కాదు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాణ్ని విజిట్ వీసా మీద రానివ్వమని 2022 నవంబరులో ఈ దేశం తేల్చేసింది. తర్వాత పుట్టిన తేదీ. భూగోళం ఉత్తరార్ధంలో పుట్టిన రేసు గుర్రాలన్నింటికీ వయసు జనవరి 1న పెరుగుతుంది, దక్షిణార్ధంలోని కొన్ని దేశాల్లో అయితే ఆగస్టు 1న. డిసెంబరు 31 రాత్రి పుట్టిన పిల్లకు తెల్లారేసరికి లెక్కలో ఏడాది నిండుతుంది, అందుకే తల్లులను కట్టించేటప్పుడే పదకొండు నెలలు ముందుకు లెక్కేస్తారు. దీనికి ఇక్కడివాళ్లు ఆశ్చర్యపోతారు గానీ నాకు వింతగా లేదు. మన బడి పంతులు సగం ఊరిని జూన్ 1న పుట్టించలేదా? తేదీ అయ్యాక తల్లిదండ్రులు. అనుమానం లేకుండా డీఎన్ఏ పరీక్షతో తేలుస్తారు. పైగా మన ఎర్రబర్రెకు గోపాలమిత్ర వచ్చి సూది వేసిపోయినట్టు ఇక్కడ కుదరదు. కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లకు థరోబ్రెడ్ వంశావళి పుస్తకంలో చోటే లేదు. కోట్ల విలువైన మగగుర్రమైనా సరే, పెండ్లికి స్వయంగా హాజరు కావాల్సిందే.

తర్వాత పేజీ నీకోసమే బాపూ. అందులో గుర్రం బొమ్మ ఉంటుంది. ఎడమ పక్క, కుడి పక్క, ముఖం, మెడ కింద, కాళ్ల వెనక, అన్నీ ఉత్త గీతల్లో. పశువుల డాక్టరు దాని మీద తెల్లమచ్చలు ఎర్ర సిరాతో గీస్తాడు, సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో నల్ల సిరాతో ఇంటూ గుర్తు పెడతాడు. అవును, సుడులే. అంగట్లో ఎద్దు నుదురూ మూపురమూ తడిమి సుడి చూసి బేరమాడే విద్య పాత నమ్మకమని చిన్నోడు నిన్ను ఎగతాళి చేస్తాడు గదా, దొరల దేశంలో అది అధికారిక కాగితం మీద ఉంది. కాకపోతే మనకు సుడి అంటే అదృష్టం, వాళ్లకు సుడి అంటే వేలిముద్ర. పుట్టిన చోటి నుంచి జరగదు, ఇంకో గుర్రానికి అచ్చం అట్లాగే ఉండదు. అది చాలదన్నట్టు మెడకు ఎడమ పక్క చర్మం కింద బియ్యపుగింజంత చిప్పు ఉంటుంది, దాని నంబరు 15 అంకెలు. నా ఎమిరేట్స్ ఐడీ నంబరు కూడా లెక్కపెట్టాను, సరిగ్గా 15 అంకెలే. ఆ తర్వాత టీకాల పేజీలు. ఫ్లూ టీకా ఏ తేదీన వేశారు, ఏ మందు, ఏ డాక్టరు సంతకం. రెండు టీకాల మధ్య ఇన్ని రోజులకు తగ్గకూడదు, ఇన్నింటికి మించకూడదని లెక్క. ఆ లెక్క తప్పితే వరస మళ్లీ మొదటి నుంచి, అందాకా పరుగు లేదు. దేశం దాటాలంటే నెత్తురు పరీక్షలు వేరే, గల్ఫ్‌కు వచ్చేముందు మనకు చేసే మెడికల్ లాగానే. మన దేశపు గుర్రాలకైతే ఈ రోగాల నిబంధనల వల్ల బయటి పోటీలకు పోవడం ఏండ్ల తరబడి మహా కష్టంగా ఉండింది. 2025లో మీరట్‌లోని సైన్యపు పశువైద్య కేంద్రంలో ఒక ఆవరణకు రోగరహితమని అంతర్జాతీయ గుర్తింపు వచ్చాకే దారి తెరుచుకుంటున్నది. అంటే మలక్‌పేట గుర్రం కన్నా బాన్సువాడ మనిషే సులువుగా దుబాయ్ చేరాడు. యూరప్‌లో ఇచ్చిన పాస్‌పోర్టులో ఇంకో పేజీ ఉంటుంది: ఈ జంతువును మాంసానికి వాడవచ్చా, వాడకూడదా అని యజమాని సంతకం. మనుషుల పాస్‌పోర్టులో ఆ గడి పెట్టనందుకు సంతోషించాలి.

ఇంత విడమరచి ఎందుకు రాశానంటావా? ఆ పుస్తకంలో ఒక్క పేజీ కూడా ముద్దు కొద్దీ పుట్టలేదు. ఒక గుర్రం పేరు మీద ఇంకో గుర్రాన్ని ఉరికించి మోసం చేసినవాళ్లుంటే సుడుల పేజీ వచ్చింది, చిప్పు వచ్చింది. ఒక శాలలోని దగ్గు వంద శాలలకు పాకితే టీకాల పేజీ వచ్చింది. మందులు ఎక్కించిన మాంసం మనుషుల పళ్లెంలోకి పోతే ముప్పని మాంసం పేజీ వచ్చింది. ప్రతి పేజీ ఎక్కడో జరిగిన చెడ్డపనికి తర్వాత వేసిన గొళ్లెం. గుర్రం ఎక్కడికి పోతే ఆ పుస్తకం దాని వెంట పోవాలి, అది లేకుండా బండి ఎక్కించకూడదు. ఇక్కడ గుర్రం భద్రంగా ఉండటానికి దాని అందం ఒక్కటే కారణమైతే, అందం పోయిననాడు దాన్ని అడిగే దిక్కు ఉండదు. దాని వెనక కాగితం ఉంది. ఎవరి చేతిలో ఉన్నా, ఏ దేశంలో దిగినా, ఇది ఫలానా జీవి, దీనికి ఫలానా లెక్క ఉంది అని చెప్పే కాగితం. ఇప్పుడు అదే కొలత మనిషికి పెట్టి చూడు. నువ్వు గల్ఫ్ గురించి విన్న బాధలన్నీ, ఎడారిలోని పశువుల మజ్రాల్లో చిక్కుకున్న కాపరులు, జీతం అందని ఏండ్లు, వీసా పోయి ఖల్లివల్లి అయి దాక్కున్న బతుకులు, వాటిలో జంతువు చేసిన చెరుపు ఎంత, కాగితం చేసిన చెరుపు ఎంత? గొర్రె ఎవరినీ బంధించలేదు. ఒంటె ఎవరి జీతమూ ఆపలేదు.

కాగితం ఎట్లా మనిషిని మారుస్తుందో చూడు. ఒకే రకం గుర్రాన్ని ఒకే రకం బ్రష్షుతో తోమే మనుషులు ఇద్దరున్నారనుకో. ఒకడు రేసు శాల నడిపే కంపెనీ మనిషి, అతనికి 2021లో వచ్చిన కార్మిక చట్టం వర్తిస్తుంది: రోజుకు 8 గంటలు, వారానికి 48. రెండోవాడు ఒకరి సొంత ఇంటి గుర్రాలను చూసే మనిషిగా వచ్చాడు. అతను 2022లో వచ్చిన ఇంటిపనివారి చట్టం కిందికి పోవచ్చు: రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు ఒక్కసారిగా, వారానికి ఒక సెలవు. 12 గంటల విశ్రాంతి అంటే మిగతా 12 గంటలు ఎవరివో ఆలోచించు. మొదటివాడు నెలకు 5 దిర్హాములు కడితే, ఏడాది నిండాక తన తప్పు లేకుండా కొలువు పోయిననాడు మూడు నెలల దాకా మూల జీతంలో 60 శాతం వచ్చే బీమా ఉంది. రెండోవాడికి అది లేదు. ఇక మూడోవాడు ఒకడున్నాడు, వాడికి ఏ చట్టమూ లేదు: విజిట్ వీసా మీద దిగి "తర్వాత మారుస్తాం" అన్న మాట నమ్మినవాడు. బ్రష్షు ఒకటే, లద్దె ఒకటే, గుర్రం కాలు ఒకటే. బతుకులు మాత్రం మూడు. మన దిక్కు నుంచి కూడా కాగితం ఉంది. పదో తరగతి దాటనివాళ్లు మన సర్కారు ఈ-మైగ్రేట్‌లో నమోదై, ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకుని వస్తే, రెండేండ్లకు 275 రూపాయల ప్రీమియంతో ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు. ఈ ముక్క చదివి అమ్మ ఏడుస్తుందని తెలుసు. ఏడవొద్దను. అది లేకుండా వచ్చినవాళ్ల ఇండ్లలో ఏడుపు ఒక్కటే మిగులుతుంది.

కాగితాలు అన్నీ ఉన్నా మోసపోయినవాళ్లు లేరా అని నువ్వు అడుగుతావు. ఉన్నారు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టుకోవడం ఈ దేశంలో చెల్లదు, అయినా పెట్టుకునేవాళ్లున్నారు. మన 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ పుస్తకం నాది కూడా కాదు, భారత సర్కారు ఆస్తి. నాదే కానిదాన్ని నా యజమాని ఎట్లా ఉంచుకుంటాడు? గుర్రం పాస్‌పోర్టు కూడా అంతే, అది ఎవరి సొంతమనడానికి రుజువు కాదు, అది ఎవరన్నదానికే రుజువు. కాగితం ఉన్నవాడికి దెబ్బ తగలదని నేను అనడం లేదు. తగిలిన దెబ్బకు లెక్క ఉంటుందని అంటున్నాను. ఫిర్యాదు చేసుకోవడానికి ఒక కిటికీ, చూపించడానికి ఒక నంబరు, అడగడానికి ఒక తేదీ ఉంటాయి. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నా పొలం గట్టు జరిపేవాడు ఉండడా? ఉంటాడు. అట్లాగని పాసుపుస్తకం పొయ్యిలో పెడతావా?

సరే, కాగితం బాగుంటే ఈ పనిలో మేలేముందో కూడా చెప్పాలి గదా. మేలు గుర్రం విలువలోంచే పుడుతుంది. విలువైన ప్రాణి చుట్టూ ఉన్న నీడ దాన్ని చూసేవాడి మీద కూడా పడుతుంది. ఎండాకాలం గుర్రాల శాలలో చల్లటి గాలి పెడతారు, గుర్రంతోపాటు మనిషికీ తగులుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు బయటి ఎండలో పని చేయించొద్దని ఇక్కడ నిబంధన, గుర్రాల పని అంతకు ముందే తెల్లవారుజామున అయిపోతుంది. ముప్పై అంతస్తుల పైన వేలాడే పని కాదు. పైగా ఇది చేతికి అంటుకునే విద్య. మలక్‌పేటలోనైనా, ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లోనైనా గుర్రం కాలు ఒక్క భాషలోనే మాట్లాడుతుంది. ఆ భాష ఏమిటంటావా? పొద్దున్నే మొదట తొట్టి చూడాలి, రాత్రి వేసిన దాణా మిగిలిందా అని. తర్వాత లద్దె చూడాలి, గట్టిదా, పలుచనా, తక్కువా అని. ఆపైన ఒక్కో కాలూ మోకాలి నుంచి గిట్ట దాకా అరచేత్తో మెల్లగా తడమాలి. నాలుగింట్లో ఒకటి కాస్త వెచ్చగా తగిలితే లోపల నరం బెణికి ఉండొచ్చని అర్థం, కంటికి వాపు కనపడక ముందే చెయ్యికి తెలుస్తుంది. గుర్రానికి వాంతి రాదు, కడుపులోకి పోయింది వెనక్కి రాదు, అందుకే దానికి కడుపునొప్పి అంటే ప్రాణాల మీదికి వచ్చే మాట. అది పక్కటెముకల దిక్కు తిరిగి తిరిగి చూసుకుంటుంటే, ముందుకాలితో నేల గీస్తుంటే, డాక్టరు వచ్చేలోపు కనిపెట్టాల్సింది పక్కన నిలబడ్డ మనిషే. గుర్రం ఖరీదు ఎన్ని కోట్లైనా ఆ గడియలో దాని ప్రాణం ఒక చూపు మీద ఆధారపడుతుంది.

నష్టాలు కూడా దాచను. గుర్రానికి శని, ఆదివారాలు తెలియవు, దసరా తెలియదు, రంజాన్ తెలియదు. దానికి ఆకలి తెలుసు. కాబట్టి పండుగపూట సెలవు వంతులవారీగానే. గడ్డి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, నడుముకు వంగుడు మంచిది కాదు, ఈ పనిలో వయసు త్వరగా మీద పడుతుంది. గుర్రం ధరకూ దాన్ని కడిగేవాడి జీతానికీ మధ్య ఉన్న దూరం కొలిచేందుకు మన దగ్గర గజాలు లేవు. ఇంగ్లండ్‌లో గెలుపు సొమ్ములో శాల సిబ్బందికి ఒక వాటా పంచే పద్ధతి ఉంది, అన్ని దేశాలూ ఆ మర్యాద పాటిస్తే ఈ ఉత్తరం ఇంత పొడుగయ్యేది కాదు. అన్నింటికన్నా పెద్ద నష్టం ఇంకోటి. గుర్రం మనిషి గొంతును, ముఖాన్ని గుర్తుపడుతుందని పరిశోధించి తేల్చారు, శాలల్లో పనిచేసేవాళ్లకు అది ఎప్పుడో తెలుసు. గుర్తుపట్టే ప్రాణిని అమ్మేస్తారు. పాస్‌పోర్టు తీసుకుని విమానమెక్కించి ఇంకో దేశం పంపిస్తారు. దానికి చెప్పి ఒప్పించేవాళ్లు ఎవరూ ఉండరు, దాన్ని చూసుకున్నవాణ్ని అడిగేవాళ్లూ ఉండరు. దూడను అంగడికి తోలిన పొద్దు అమ్మ బువ్వ తినదు గదా, ఆ ఉపవాసం ఈ కొలువులో ఏటా ఉంటుంది, జీతం కోతలో మాత్రం రాయరు.

ఇక నీ చివరి ప్రశ్న, నిజంగా బరువైనది. "పశువుల పనే అయితే ఇక్కడ బర్రెలు లేవా?" ఉన్నాయి. దీనికి తిరుగులేని జవాబు నా దగ్గర లేదు, ఒక లెక్క మాత్రం ఉంది. పైన నేను రాసిన విద్యంతా, తొట్టి చూడటం, పేడ చూడటం, మేత ముట్టకపోతే చెవి పట్టి చూడటం, రాత్రిపూట కదలిక విని లేవడం, ఇదంతా అమ్మ పెండ్లై వచ్చిననాటి నుంచి చేస్తున్నదే. గుర్రం నెమరు వెయ్యదు, బర్రె వేస్తుంది, అంతే తేడా. అక్కడ ఆ పనికి కొలువని పేరు లేదు, జీతం లేదు, వారానికి సెలవు లేదు, బీమా లేదు. పాలకేంద్రం చీటీలో వెన్న శాతం ఉంటుంది, అమ్మ పేరు ఉండదు. అదే పనికి ఇక్కడ ఒక పేరుంది, ఒక తేదీ ఉంది, నెల తిరిగేసరికి బ్యాంకులో పడే పైసలున్నాయి. నేను ఊరు విడిచింది గుర్రాల మీద మోజుతో కాదు, బర్రెల మీద విసుగుతో అసలే కాదు. పశువును చూసే చూపుకు ధర కట్టే చోటు వెతుక్కుంటూ వచ్చాను. ఆ ధర బాన్సువాడలో కట్టిననాడు నన్ను రమ్మని పిలవాల్సిన అవసరం ఉండదు, నేనే బస్టాండులో దిగుతాను. ఫారాల్లో "అనుభవం" అని ఒక గడి ఉంటుంది. అందులో నిజం రాయాలంటే అమ్మ పేరు రాయాలి, ఆమె ఎక్కడ పనిచేసిందని అడిగితే చూపించడానికి ఒక్క కాగితమూ లేదు. ఈ ఉత్తరంలో నేను కాగితం కాగితం అని ఎందుకు మొత్తుకుంటున్నానో ఇప్పుడన్నా అర్థమైందనుకుంటాను.

మిగతా ప్రశ్నలకు గబగబా జవాబులు. సన్నబియ్యమే తింటున్నాం. పచ్చడి అయిపోయింది, ఈ ఉత్తరం తెచ్చిన మనిషి మళ్లీ వచ్చేటప్పుడు పంపండి, మూత గట్టిగా బిగించండి. జుట్టు ఊడటం నీళ్ల వల్లే అంటారు ఇక్కడ. పెండ్లి సంగతి అవ్వ ఇష్టం, తేదీ మాత్రం ఎండాకాలంలో పెట్టమను, అప్పుడు పరుగులు ఉండవు, సెలవు దొరకడం సులువు. బరాత్‌కు గుర్రం తెస్తే దాని కాళ్లు ముందు నేను చూస్తాను, ఆ తర్వాతే ఎక్కుతాను. నిజాంసాగర్ నీళ్లు వదిలారా లేదా రాయించండి, ఇక్కడ ఎంత చల్లగాలి పెట్టినా కాలువ గట్టు గాలి కాదు.

ఇకనుంచి ఫోన్లో ప్రశ్నల వరస మార్చు బాపూ. మొదట తిన్నావా అని అడుగు. తర్వాత ఐడీ ఎప్పటిదాకా ఉంది, కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, ఇవి అడుగు. నాతోపాటు, గల్ఫ్‌కు పోతానంటున్న మన వాడకట్టు పోరగాళ్లను కూడా అడుగు. గుర్రం సంగతి అన్నింటికన్నా చివర అడుగు. దానికేమీ కాదు, దాని కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

నీ పెద్దోడు